పుట్టని నంబరు

గువ్వ సీసాను మూడుసార్లు కుదిపి, మూత తిప్పి, చెంచాను కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. చెంచా లోపల సన్నని గీత ఒకటుంటుంది. మందు ఆ గీతను తాకాలి గాని దాటకూడదు. ఆ ఇంట్లో అక్కది తొందర చెయ్యి, తాతయ్యది వణుకుడు చెయ్యి. అందుకని అక్క కూతురికి ఏ మందు పొయ్యాలన్నా పొద్దునపూట ఆ పని గువ్వ మీదే పడుతుంది.

గువ్వ అన్నది తాతయ్య పెట్టిన పేరు. ఇంట్లో ఉందో లేదో తెలియనంత నెమ్మదిగా మసలుతుందని అలా పిలిచాడు. బడి రిజిస్టరులో వేరే పేరున్నా, ఈ పేరే ఆమె వెంట మందుల గోదాము దాకా వెళ్ళింది.

“మెల్లిగా లేపవే,” అంది అక్క, ఇస్త్రీ పెట్టెను చొక్కా కాలరు మీద నొక్కుతూ. “మూడు రాత్రుల జలుబు తర్వాత కంటినిండా నిద్రపోయింది నా తల్లి. రాత్రి ఒక్క చెంచా పడిందో లేదో, తల వాల్చేసింది. ఇంతవరకు పక్క మీద కదల్లేదు. మహత్తు గల మందే!”

“మహత్తు మందుది కాదు, నేను చెప్పిన కథది,” అన్నాడు తాతయ్య కుర్చీలోంచి.

“నీ కథకి మేము కూడా నిద్రపోతాం తాతయ్యా,” అంది అక్క. “ఇందులో వింతేముంది?”

“వింతో కాదో సాయంత్రం తేల్చుకుందాం. ఇప్పుడు లేస్తున్నా. లేచి, అదిగో, కళ్ళజోడు తెచ్చుకుంటున్నా.”

ఏ పనైనా ముందు ప్రకటించి చెయ్యడం ఆయన అలవాటు. ముప్పై అయిదేళ్ళు రైల్వే యార్డులో గూడ్సు పెట్టెల నంబర్లు రాసే ఉద్యోగం చేశాడు. స్టేషను మైకు ఆయన గొంతులోకి దిగిపోయిందని అక్క ఎగతాళి చేస్తుంది. మోకాళ్ళు పట్టేసి ఆరు నెలలుగా ఆయన ఈ మూడంతస్తుల మెట్లు దిగలేదు. నోరు మాత్రం ఎక్కడా పట్టెయ్యలేదు.

చెంచా గీత దాకా నిండింది. గువ్వ సీసాకి మూత పెడుతూ, చీటీ కింది అంచున అచ్చు వేసిన నంబరు వంక చూసింది. ఎనిమిదేళ్ళ గోదాము ఉద్యోగం వల్ల, ఏ మందు చేతికొచ్చినా ఆమె కళ్ళు పేరు కన్నా ముందు నంబరు మీదికి పోతాయి.

4170382656.

కళ్ళు చదువుతుండగానే మనసు కూడేసింది. నలభై రెండు. నాలుగూ రెండూ ఆరు.

ఆరు.

నిన్న సాయంత్రం దాకా పదహారు మంది షాపుల వాళ్ళతో ఫోనులో ఆమె చెప్పిన అంకె అదే. ఆరు.

చెంచాను జాగ్రత్తగా ఒక సాసరులో పెట్టింది. బల్ల పక్కన వేలాడుతున్న సంచిలోంచి నిన్నటి కాగితం ముక్క తీసింది.

గోదాముకి నంబర్లు ఎక్కువగా ఫోనులోనే వస్తాయి. గువ్వ చేరిన కొత్తలో, కంపెనీ మనిషి నంబరు చదివితే ఇవతలి వాళ్ళు రాసుకుని, మళ్ళీ మొత్తం చదివి వినిపించేవారు. పదేసి అంకెలు, రోజుకి వంద నంబర్లు. మధ్యాహ్నానికి గొంతులు పోయేవి. అప్పుడు గువ్వ, తాతయ్య దగ్గర నేర్చుకున్న చిట్కా ఒకటి నెమ్మదిగా చెప్పింది. నంబరులోని అంకెలన్నీ కూడాలి, వచ్చినదాన్ని మళ్ళీ కూడాలి, ఒక్క అంకె మిగిలేదాకా. చదివేవాడు చివర్లో ఆ ఒక్క అంకె చెప్తాడు. రాసుకున్నవాడికీ అదే వస్తే నంబరు సరిగ్గా దిగినట్టే. తిరిగి చదవక్కర్లేదు. గోదాము చూసే పెద్దాయనకి అది తెగ నచ్చింది. దానికి ‘గువ్వ లెక్క’ అని పేరు పడింది. కంపెనీ వాళ్ళు, షాపుల వాళ్ళు కూడా దానికి అలవాటుపడ్డారు. తిరిగి చదవడం అందరూ మానేశారు.

నిన్న మధ్యాహ్నం మూడింటికి కంపెనీ నుంచి ఫోను వచ్చింది. పిల్లల జలుబు మందు ఒక విడత, అదే బ్యాచి, తప్పుగా కలిసింది. నిద్రమత్తు తెచ్చే సరుకు పది రెట్లు పడింది. ఆ నంబరు సీసాలు ఎక్కడున్నా వెంటనే షాపుల్లోంచి తీయించాలి. అసలు కాగితం మర్నాడు వస్తుంది, ముందు ఫోనులో రాసుకోమన్నారు. అవతలి మనిషి గాబరాగా, గుక్క తిప్పుకోకుండా చదివాడు. అదే సమయానికి గుమ్మం దగ్గర లారీ ఒకటి వెనక్కి వస్తూ కూత పెడుతోంది. గువ్వ రాసుకుంది. “ఆరు,” అన్నాడతను. కూడి చూసి “ఆరు,” అంది గువ్వ. పదహారు షాపులకీ ఫోన్లు చేసింది. అందరూ వెతికి, ఆ నంబరు మా దగ్గర లేదన్నారు. పెద్దాయన తన చేత్తో టీ కప్పు తెచ్చి ఆమె ముందు పెట్టి, “బతికించావమ్మా,” అన్నాడు.

ఇప్పుడు ఆ కాగితాన్ని సీసా పక్కన పెట్టి చూసింది.

4170328656.

“ఏమైందే? అలా బిగుసుకుపోయావేంటి?” అక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టి దగ్గరకొచ్చింది.

గువ్వ నిన్నటి సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. అక్క కాగితం లాక్కుని, సీసా మీద గోరు పెట్టి ఒక్కో జతా చదివింది.

“నలభై ఒకటి, డెబ్బై... ఇదిగో, ఇక్కడ ముప్పై ఎనిమిది, ఇరవై ఆరు. నీ కాగితంలో ముప్పై రెండు, ఎనభై ఆరు. వేరే కదే! వేరే నంబరు!” గుండె మీద చెయ్యి వేసుకుంది. “పొద్దున్నే పై ప్రాణం పైనే పోగొట్టావు కదే నువ్వు. పద, పొయ్యి దానికి.”

నమ్మాలని గువ్వకీ ఉంది. వేరే నంబరైతే వేరే సీసా, వేరే సీసా అయితే మంచి మందు. చెంచా అందుకోవడానికి చెయ్యి చాచింది. చెయ్యి సాసరు దాకా వెళ్ళి ఆగిపోయింది.

“తాతయ్యా, ఒకసారి ఇవి చూడు.”

“చూస్తున్నా. కళ్ళజోడు తుడుస్తున్నా, పెట్టుకుంటున్నా...” నంబర్లంటే ఆయనకి పండగ. నవ్వుతూనే కాగితం అందుకున్నాడు. ఒకసారి కాగితం వంక, ఒకసారి సీసా వంక చూశాడు. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

“అంకెలు అవే,” అన్నాడు. “రెండూ ఎనిమిదీ చోటు మారాయి, అంతే.”

“కూడిక పట్టుకోదా?”

“కూడికకి చోటుతో పనేముంది గువ్వా? వరసలో ఇద్దరు పిల్లలు ముందూ వెనకా అయితే, తలలు లెక్కపెట్టేవాడికి ఏం తెలుస్తుంది? రెండింటికీ తేడా యాభై నాలుగు వేలు. తొమ్మిదో ఎక్కంలో పడుతుంది. పక్కపక్క అంకెలు ఏవి తారుమారైనా, ఎంత పెద్ద నంబరులో అయినా, తేడా తొమ్మిదో ఎక్కంలోనే పడుతుంది. మన లెక్కకి ఆ ఎక్కం ఒక్కటే కంటికి ఆనదు.”

ఎనిమిదేళ్ళుగా గోదాములో వందల నంబర్లు, వేల నంబర్లు ఆ జల్లెడలోంచే పోయాయి.

“అంటే ఏంటి?” అక్క గొంతు పెరిగింది. “తేల్చి చెప్పండి. ఇది ఆ మందా, కాదా?”

“నేను తప్పు రాసుకుని ఉంటే, ఇదే ఆ మందు. సరిగ్గా రాసుకుని ఉంటే కాదు.”

“కంపెనీకి ఫోను చెయ్యి మరి!”

గోడ గడియారంలో ఏడుంబావు అయింది. కంపెనీ వాళ్ళు వచ్చేది తొమ్మిదికి. అయినా చేసింది. ఎక్కడో ఖాళీ గదిలో ఫోను మోగి మోగి ఆగిపోయింది. పక్క గదిలో పిల్ల ఊపిరి వినపడుతోంది. బరువుగా, చాలా దూరం దూరంగా.

అప్పుడు గువ్వకి అట్టముక్కల డబ్బా గుర్తొచ్చింది.

గోదాములో ఖాళీ అయిన పెట్టెల మూతల్ని చింపి, సరుకుల జాబితాలు రాసుకోవడానికి ఇంటికి తెస్తుంటుంది ఆమె. వాటి మీద విడత నంబర్లు అచ్చు వేసి ఉంటాయి. యార్డు ఉద్యోగం వదిలాక తాతయ్యకి అవే కాలక్షేపం. ఒక్కో నంబరునీ పెన్సిలుతో విడగొట్టి, ఏ ఎక్కంలో పడుతుందో చూసి, డబ్బాలో దాచుకుంటాడు. “మీ కంపెనీవాడు పదకొండుకి మొక్కుకున్నాడే, నంబర్లన్నీ ఆ ఎక్కంలోనే పడుతున్నాయి,” అని ఏనాడో అన్నాడు. అంతా నవ్వేసి ఊరుకున్నారు.

డబ్బాను మంచం మీద బోర్లించింది. “ఒక్కటైనా తప్పిందా తాతయ్యా? పదకొండుకి పోనిది ఒక్కటైనా ఉందా?”

“నేను చూసినంతలో లేదు. చివరి అంకెను వాళ్ళు కావాలనే అలా కుదురుస్తున్నట్టుంది.”

“చూసినంతలో అంటే కాదు. మళ్ళీ చూద్దాం.”

ఇద్దరూ మంచం మీద వంగారు. లెక్క చిన్నదే. నంబరులో ఒకటో అంకె, మూడోది, అయిదోది, అలా ఒకటి విడిచి ఒకటి తీసి ఒక కుప్ప. మధ్యలో మిగిలినవి ఇంకో కుప్ప. రెండు కుప్పలూ సమానమైనా, వాటి తేడా సరిగ్గా పదకొండైనా, ఎంత పొడుగు నంబరైనా పదకొండో ఎక్కంలో పడి తీరుతుంది. ఇక్కడ మాత్రం చోటుకి విలువుంది. అంకె పక్కకి జరిగిందంటే ఒక కుప్పలోంచి ఇంకో కుప్పలోకి పడుతుంది.

“పద్దెనిమిది, పద్దెనిమిది,” అన్నాడు తాతయ్య.

“ఇరవై అయిదు, పద్నాలుగు. పదకొండు.”

“ఇరవై, ఇరవై.”

“ఆపండర్రా మీ ఎక్కాలు!” అక్క అరిచింది. అరిచి, తనే ఒక అట్టముక్క తీసుకుని వేళ్ళ మీద కూడడం మొదలుపెట్టింది. ఆమె చేతిలోది కూడా సమానమే అయింది. పాత మందులు, కొత్త మందులు, ఎనిమిదేళ్ళ కిందటివి, పోయిన వారానివి. ముప్పై దాకా చూశారు. ఒక్కటీ తప్పలేదు.

గువ్వ సీసా అందుకుంది. నాలుగు, ఏడు, మూడు, రెండు, అయిదు. ఇరవై ఒకటి. ఒకటి, సున్నా, ఎనిమిది, ఆరు, ఆరు. ఇరవై ఒకటి. సమానం.

తర్వాత తన కాగితం. తన చేతిరాతే, గుండ్రంగా, ఊరి బడిలో నేర్చుకున్న రాత. నాలుగు, ఏడు, మూడు, ఎనిమిది, అయిదు. ఇరవై ఏడు. ఒకటి, సున్నా, రెండు, ఆరు, ఆరు. పదిహేను.

పన్నెండు తేడా. ఒకటి మిగిలింది.

మళ్ళీ కూడింది. మళ్ళీ ఒకటి మిగిలింది.

“ఈ నంబరు సీసా పుట్టనే లేదు తాతయ్యా,” అంది. ఆ మాట బయటికి వచ్చాక గాని దాని అర్థం ఆమెకి పూర్తిగా తెలియలేదు. పదహారు మంది మనుషులు పదహారు షాపుల్లో నిచ్చెనలెక్కి, లోకంలో లేని సీసా కోసం వెతికారు. లేదని నిజమే చెప్పారు. ఆ పక్కనే అసలు సీసాలు వరసగా నించుని ఉన్నాయి.

“ఇంకో చోట మారి ఉండొచ్చుగా?” అంది అక్క, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని.

తాతయ్య పెన్సిలు కాగితం మీద నడిచింది. “పక్కపక్క అంకెలు మారిస్తే లెక్క కుదిరే చోట్లు రెండే. ఒకటి మొదట్లో, ఈ ఒకటీ ఏడూ.”

“అది మారదు. 417 ఈ మందు గుర్తు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను,” అంది గువ్వ.

“అయితే రెండోది. ఈ రెండూ ఎనిమిదీ.”

అక్క అప్పటికే గదిలోకి పరుగెత్తింది.

“బుడంకాయా! లే నాన్నా. బుడంకాయా!” పిల్లని కూర్చోబెట్టింది. మూడేళ్ళ పిల్ల మెడ ఒక పక్కకి వాలిపోయింది. కనురెప్పలు సగం విచ్చుకుని, ఎవరినీ చూడకుండా మూతపడ్డాయి. చల్లటి నీళ్ళు మొహం మీద చిలకరిస్తే పెదవులు కదిపింది, అంతే. తెల్లారి నుంచి అది మంచి నిద్ర అనుకుని ముగ్గురూ గుసగుసగా మాట్లాడుకుంటూ కూర్చున్నారు.

అక్క దుప్పటితో సహా పిల్లని భుజాన వేసుకుంది. ఇంకో చేత్తో సీసా అందుకుంది. బావ ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాడు. కింది వాటా టైలరుగారికి కారుంది. గువ్వ చెప్పులు వేసుకోబోతే అక్క వెనక్కి తిరిగింది.

“నువ్వెందుకు? నువ్వొచ్చి ఏం కూడతావు అక్కడ?”

మెట్ల మీద అక్క అడుగులు, టైలరుగారి పేరు పెట్టి పిలిచిన కేక, కారు తలుపు చప్పుడు.

తమకి తెలిసింది కాబట్టి పిల్ల ఆస్పత్రికి వెళ్ళింది. తెలియని ఇళ్ళల్లో ఈ సరికి ఎవరో ఒకరు సీసా కుదుపుతూ ఉంటారు. రాత్రి బాగా నిద్రపోయిందని సంతోషపడుతూ ఉంటారు. పొద్దుటి చెంచా గీత దాకా నింపుతూ ఉంటారు.

ముందుగా గోదాము పెద్దాయనకి ఫోను చేసింది. ఆయన మొత్తం విన్నాడు.

“ఆగాగు. పదకొండేంటమ్మా? ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్. అట్టముక్కలు చూశాం. అన్నీ పదకొండో ఎక్కంలోనే ఉన్నాయి.”

“అట్టముక్కలు చూసి పదహారు షాపుల్ని గాబరా పెడతావా? అంతా చూశాం, ఎక్కడా లేదని నిన్న సంతకం పెట్టి పైకి పంపాను నేను. అది నా మెడకి చుట్టుకుంటుంది, తెలుసా? నీ ఉద్యోగమూ ఉండదు. తొమ్మిదికి కంపెనీవాళ్ళు రానీ, అడుగుదాం. అప్పటిదాకా నోరు మెదపకు. అదేమన్నా నీకు చేతకాని పనా!” ఆయన నవ్వాడు. గువ్వ నవ్వలేదు.

ఫోను పెట్టేసి గడియారం చూసింది. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. తొమ్మిదంటే గంటా పది నిమిషాలు. కళ్ళు మూసి తెరిచేలోపు గడిచిపోతుంది. అప్పుడు కంపెనీ వాళ్ళే చెప్తారు, ఆమె చెప్పక్కర్లేదు. తప్పు ఫోనుది అనొచ్చు, లారీది అనొచ్చు. ఒక్క క్షణం ఆ దారి ఎంతో హాయిగా కనపడింది. సాసరులో చెంచా అలాగే ఉంది, మందు గీతను తాకుతూ.

షాపుల నంబర్ల పుస్తకం తెరిచింది. అక్క ఆ సీసా కొన్నది రెండు వీధుల అవతల మూలషాపులో. ముందు ఆ నంబరే తిప్పింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆ షాపాయనకి చెవులు మందం, ఫోను లోపలి గదిలో ఉంటుంది. తర్వాతి షాపుకి చేసింది.

“నేను గోదాము నుంచి. నిన్న నేను చెప్పిన నంబరు తప్పండి. నేనే తప్పు రాసుకున్నాను. రాసుకోండి. నాలుగు, ఒకటి, ఏడు, సున్నా, మూడు, ఎనిమిది, రెండు, ఆరు, అయిదు, ఆరు. తిరిగి చదవండి.”

“తిరిగెందుకమ్మా? ఆరేగా చివరికి?”

“ఆరు వద్దండీ. మొత్తం చదవండి.”

ఆయన గొణుక్కుంటూ చదివాడు. ఫోను పక్కన పెట్టి వెళ్ళాడు. గాజు సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. తిరిగి వచ్చిన గొంతు వేరుగా ఉంది. “ఉన్నాయి. పదకొండు సీసాలు. నిన్న నాలుగు అమ్మాను.”

“ఎవరికి?”

“ఇద్దరు తెలుసు. మనిషిని పంపిస్తా.”

అలా ఒకటి, రెండు, మూడు. ఒకాయన విసుక్కున్నాడు. “నిన్న అదన్నావు, ఇవాళ ఇదంటావు. సాయంత్రానికి ఇంకోటి చెప్తావా?” ఇంకొకావిడ, “తప్పు నీదేనని నువ్వే చెప్తున్నావా? పిచ్చిపిల్లా, ఎవరైనా చెప్తారా అలా?” అని జాలిపడింది. ‘నేనే తప్పు రాసుకున్నాను’ అన్న మాట మొదటిసారి అనడం కష్టమైంది. అయిదోసారికీ అంతే. బడిలో బెంచీ ఎక్కించి అందరి ముందూ నిలబెట్టినట్టే ఉంది ప్రతిసారీ.

ఆరో షాపు వాళ్ళు వెతుకుతుండగా, ఆమె తల తిప్పకుండానే అడిగింది.

“చోటు మారితే ఈ లెక్కకి చిక్కదని నీకు ఎప్పట్నుంచి తెలుసు తాతయ్యా?”

ఆయన అట్టముక్కల్ని డబ్బాలోకి సర్దుతున్నాడు. చేతులు ఆగాయి.

“ఉప్పు పెట్టె నుంచి.”

“ఏ ఉప్పు పెట్టె?”

“యార్డులో. మీ అమ్మకి అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. పెట్టె నంబరు చివర ఆరు మూడు ఉంటే నేను మూడు ఆరు రాశాను. కూడిక సరిపోయింది. పెట్టె ఎటో వెళ్ళిపోయి ఇరవై రోజులు వానలో తడిసింది. తలుపు తీస్తే బస్తాలున్నాయి గాని ఉప్పు లేదు. నీళ్ళైపోయింది. మా అధికారి నవ్వేసి ఊరుకున్నాడు.” కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “ముప్పై అయిదేళ్ళలో ఒక్క పెట్టె కూడా తప్పలేదని మీకు చెప్తుంటానే. అది అబద్ధం.”

గువ్వ ఇప్పుడు తల తిప్పి ఆయన వంక చూసింది.

“నువ్వు ఆరో తరగతిలో ఉండగా నీకు ఈ లెక్క నేర్పాను. నీ కళ్ళు ఇంతింతయ్యాయి. ‘ఏ తప్పూ దీన్ని తప్పించుకోలేదా తాతయ్యా?’ అని అడిగావు. తప్పించుకోలేదు అన్నాను.” ఆయన గొంతులో స్టేషను మైకు లేదు. “ఉప్పు సంగతి చెప్తే ఆ కళ్ళు చిన్నవైపోతాయనిపించింది. తర్వాత నువ్వు దాన్ని గోదాముకి తీసుకెళ్ళావు. అప్పుడైనా చెప్పాల్సింది. ఊళ్ళో అందరూ నా లెక్క వాడుతున్నారని మురిసిపోయాను.”

ఫోనులో అవతలి మనిషి తిరిగి వచ్చాడు. “ఉన్నాయమ్మా, తొమ్మిది.” గువ్వ ఆ షాపు పేరు పక్కన తొమ్మిది అని రాసి, తర్వాతి షాపు నంబరు తిప్పింది. తాతయ్యని తిట్టడానికీ, ఓదార్చడానికీ ఆమె దగ్గర తీరిక లేదు. ఉండి ఉంటే ఏది చేసేదో ఆమెకే తెలియదు.

పన్నెండో షాపు అయ్యేసరికి అక్క ఫోను వచ్చింది.

“కళ్ళు తెరిచింది,” అంది అక్క. వెనక ఎవరివో మాటలు, చక్రాల మంచం కిరకిర. “నన్ను గుర్తుపట్టింది. సాయంత్రం దాకా కదల్చొద్దన్నారు. ఒక్క చెంచానే కాబట్టి ఇలా ఉందంట. పొద్దున రెండోది కూడా పడి ఉంటే...” అక్క ఆ మాట అక్కడితో వదిలేసింది. “ఇక్కడికి ఇంకో బాబుని తెచ్చారు. వాళ్ళమ్మ చేతిలోనూ ఇదే సీసా ఉంది. వాడికి రెండు పడ్డాయి.”

“ఎలా ఉన్నాడు?”

“లేపుతున్నారు,” అంది అక్క, పెట్టేసింది.

గువ్వ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. రెండే రెండు క్షణాలు. మళ్ళీ తల ఎత్తి పుస్తకం దగ్గరికి లాక్కుంది. ఆ ఫోనులో అన్న ప్రతి మాటా తాతయ్యకి వినపడింది. వినపడిందని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది.

పదమూడు. పద్నాలుగు. పదిహేనో షాపు వాళ్ళు ఇప్పుడే తలుపులు తీస్తున్నాం, చూసి చెప్తాం, లైనులో ఉండమన్నారు. మిగిలింది మూలషాపు. ఇప్పటికి నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. ఏడున్నరకే షాపు తీస్తాడాయన. ఆఫీసులకి వెళ్ళే అమ్మలు దారిలో కొనుక్కునేది అక్కడే. ఈ పాటికి ఎన్ని సీసాలు చేతులు మారాయో. ఫోను పెట్టేసి పరుగెత్తితే పదిహేనోది చెడుతుంది. పట్టుకుని కూర్చుంటే ఆ మూల మీద...

“ఉన్నారా అమ్మా?” అవతలి గొంతు. “నంబరు ఇంకోసారి చెప్పండి.”

“చెప్తున్నా, రాసుకోండి. నాలుగు, ఒకటి, ఏడు...”

చెప్తూనే చూసింది. తాతయ్య కుర్చీలోంచి లేచాడు. లేస్తున్నా అనలేదు. బల్ల మీది నుంచి పెన్సిలు తీసుకుని, ఒక అట్టముక్క వెనక్కి తిప్పి, ఆమె చెప్తున్న కొద్దీ అంకెలు రాశాడు. పెద్దవిగా, గూడ్సు పెట్టె మీద సుద్దతో రాసినంత లావుగా. రాసినవాటి మీద వేలు పెట్టి, ఒకటి విడిచి ఒకటి, పెదవులు కదుపుతూ కూడాడు. మిగిలినవి కూడాడు. తల ఊపాడు. తర్వాత మొదటి నుంచి ఒక్కో అంకె మీదా వేలు ఆనించి, పుస్తకంలో గువ్వ రాసినదానితో సరిచూశాడు.

“...ఆరు, అయిదు, ఆరు. తిరిగి చదవండి,” అంది గువ్వ ఫోనులో. కళ్ళు మాత్రం ఆయన మీదే ఉన్నాయి.

గుమ్మం పక్కన ఆరు నెలలుగా దుమ్ము పట్టిన చెప్పులు. గోడ పట్టుకుని వాటిలో ఒక కాలు దూర్చాడు, ఆగి, రెండోది దూర్చాడు. చేతికర్ర కోసం వెతకలేదు. అట్టముక్కని చొక్కా జేబులో, గుండె వైపు పెట్టుకుని తలుపు తీశాడు.

వెనక్కి చూసి, ‘మూలషాపుకి వెళ్తున్నా’ అంటాడని గువ్వ ఎదురుచూసింది. ఆయన కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.